పోపు పెట్టని వాళ్ళు చేసిన సీసాలు

ఈ ముద్దొచ్చే వంటింటి సామాన్లు తయారు చేసేవాళ్ళు జన్మలో ఒక్కసారైనా పోపు పెట్టి ఉంటారా అని నా అనుమానం. వంట మీద హుషారు పుడుతుందని మా వదిన వెదురు మూతల గాజు సీసాల సెట్టు కానుకిచ్చింది. చూడ్డానికి బాగానే ఉన్నాయి, కాదనను. కానీ నూనె కాగి ఆవాలు చిటపటలాడుతుంటే మినప్పప్పుకో మూత, జీలకర్రకో మూత, ఎండుమిరపకాయలకో మూత తీస్తూ కూర్చోవాలా? ఈలోగా మెంతులు మాడి చారంతా చేదు. పైగా ఆ సీసా మూతిలో చెంచా పట్టదు, వంపితే గుప్పెడు పడుతుంది. ఇక వానాకాలం వస్తే వెదురు ఉబ్బి మూత బిగుసుకుపోతుంది. దాంతో కుస్తీ పట్టాలి.

రంగురంగుల నైలాన్ గరిటెల సంగతి చెప్పక్కర్లేదు. వేడి పెనం అంచుకి కాసేపు ఆనితే కొస కరిగి వంకర తిరుగుతుంది. అమ్మమ్మ నాటి ఇనప అట్లకాడ మాత్రం ఇప్పటికీ పెసరట్టు చిరగకుండా తిప్పుతోంది.

ఏడు గిన్నెల స్టీలు పోపులపెట్టెకి ఒకే మూత, అన్నీ కళ్ళ ముందే. అదేమో ఫోటోలో బాగుండదట! మరి నేను వండేది ఫోటోకా, అన్నంలోకా?