వాన పడితే సోఫా కంపు

ఎండాకాలమంతా ఏమీ ఎరగనట్టు ఉండే మా సోఫా, ముసురు పట్టగానే పిల్లి ఉచ్చ కంపు కొడుతుంది. ఉచ్చలోని యూరిక్ యాసిడ్ నీళ్లలో సరిగా కరగదు. స్ఫటికాలుగా మారి ఫోమ్‌లో కూర్చుంటుంది, గాలిలో తేమ పెరిగితే మళ్లీ వాసన లేస్తుంది.

ఇది చెబితే వినేదెవరు? ఇంటికొచ్చిన ప్రతి చుట్టానికీ ఓ సలహా ఉంటుంది. ఫినాయిల్ కొట్టమంటాడు ఒకాయన. అది పిల్లులకు విషం బాబాయ్ అంటే నవ్వుతాడు! ఇంకొకావిడ అగరొత్తులు వెలిగించమంటుంది. మల్లె వాసనా ఉచ్చ కంపూ కలిస్తే ఎలా ఉంటుందో పగవాడికి కూడా వద్దు. వంటసోడా కాస్త నయమే గానీ పైపైనే. వేడి ఆవిరి పడితే మరక, వాసన ఇంకా గట్టిగా పట్టుకుంటాయి.

పనిచేసేది ఆ యూరిక్ యాసిడ్‌ని విరగ్గొట్టే ఎంజైమ్ క్లీనర్ ఒక్కటే. అదైనా ఉచ్చ ఇంకినంత లోతుకీ ఇంకాలి, గంటల తరబడి తడిగా ఉండాలి, ఆపైన ఆరాలి. ఈ వానల్లో ఎక్కడ ఆరబెట్టను? పైగా కుషన్ కవర్ ఊడదీద్దామంటే చుట్టూ కుట్టేసి ఉంది. అంత డబ్బు పోసి కొన్న సోఫాకి ఓ జిప్పు పెట్టడానికి ఏం పోయిందండీ వీళ్లకి?