పడిన చెట్టును పలకలు చేద్దాం

మొన్న జూన్‌లో వచ్చిన ఈదురుగాలికి మా కార్యాలయం ఉన్న వీధి చివర వేపచెట్టు వేళ్లతో సహా పడిపోయింది. మనిషి రెండు చేతులూ చాచి కౌగిలిస్తే అందనంత మాను. కరెంటు వాళ్లు తీగలు తప్పించారు. గంటలోపే మున్సిపల్ సిబ్బంది మిషన్ రంపంతో వచ్చారు. వానలో తడుస్తూనే పనిచేసి మధ్యాహ్నానికి రోడ్డు ఖాళీ చేశారు. ఆ కష్టానికి దండం పెట్టాలి. అయితే మానునంతా వాళ్లు రెండేసి అడుగుల ముక్కలుగా కోశారు. ఇద్దరు మనుషులు ట్రాక్టర్‌లోకి ఎత్తగలిగే సైజు అదే మరి. కోసిన ప్రతి ముక్క నడుమా ఎర్రటి చేవ, చుట్టూ తెల్ల చెక్క, వీధంతా వేప చేదు వాసన. ఆ ముక్కలు కొన్ని డంపింగ్ యార్డుకు, కొన్ని ఇటుక బట్టీకి పోయాయి. అదే వీధిలో ఉన్న సర్కారు బడిలో రెండు తరగతుల పిల్లలు ఇప్పటికీ నేల మీదే కూర్చుంటున్నారు.

రెండడుగుల ముక్కతో బల్ల చేయలేం, తలుపు చేయలేం. అదే మానును ఎనిమిదడుగుల దుంగలుగా కోసి ఉంటే లెక్క వేరు. అడుగున్నర అడ్డం, ఎనిమిదడుగుల పొడవు ఉన్న దుంగ అంటే సుమారు 14 సీఎఫ్టీ, అంటే ఘనపుటడుగుల కలప. సామిల్లులో పొట్టుకూ, పక్క చెక్కలకూ సగం పోయిందనుకున్నా ఏడు సీఎఫ్టీ మిగులుతుంది. అంగుళం మందం పలకలుగా కోస్తే 80 చదరపు అడుగుల పైమాటే. ఒక్క దుంగతో నాలుగు బడి బల్లలైనా అవుతాయి. కొనబోతే ఈ పలకల ధర ఎంతో ఇల్లు కట్టుకున్న ప్రతివారికీ తెలుసు. ఎక్కడో న్యూజిలాండ్‌లో పెరిగిన పైన్ ఓడల మీద మన దేశానికి వచ్చి, మన ఊరి దుకాణాల దాకా చేరుతోంది. మన వీధిలో నలభై ఏళ్లు నీడనిచ్చిన వేప మాత్రం బట్టీలో బూడిదవుతోంది.

పడిన ప్రతి చెట్టూ పలకకు పనికొస్తుందని మేం అనడం లేదు. రోడ్ల పక్కన విరివిగా నాటిన తురాయి, పచ్చతురాయి కొమ్మలు గాలికి ఇట్టే విరుగుతాయి, వాటి చెక్కలో పస తక్కువ. మర్రి, రావి సంగతీ అంతే. వేప, చింత, తుమ్మ, మామిడి, పనస మాత్రం మన వడ్రంగులకు తరతరాలుగా తెలిసిన కర్రలు. తుమ్మతో బండి చక్రాలు, నాగళ్లు చేసుకున్నాం. చింత చేవతో మాంసం కొట్టే మొద్దులు చేసుకున్నాం. పనస సంగతి చెప్పనే అక్కర్లేదు. బొబ్బిలి దగ్గర గొల్లపల్లి కళాకారులు ఒకే పనస మొద్దును తొలిచి ఏకాండి వీణ చేస్తారు. వీణకు నాలుగడుగుల పైచిలుకు మొద్దు కావాలి. పెరట్లో పడిన పనసను మూడడుగుల దగ్గర కోసేస్తే వీణ అక్కడితో పోయినట్టే.

నిద్రగన్నేరు గురించి మన దగ్గర ఒక చిన్నచూపు ఉంది, అది వంటచెరకు తప్ప దేనికీ పనికిరాదని. థాయిలాండ్‌లో చియాంగ్ మాయి చెక్కడపు పనివాళ్లకు ఇష్టమైన కర్ర అదే. హవాయి దీవుల్లో ఆ చెట్టు కర్రతో గిన్నెలు, పళ్లేలు చేస్తారు. ముదురు గోధుమ రంగు చేవ, ఆరేటప్పుడు పెద్దగా మెలితిరగని గుణం, మూడడుగుల వెడల్పున ఒకే పలక ఇచ్చేంత లావు దానివి. 2024 ఆగస్టులో కొవ్వూరు దగ్గర కుమారదేవంలో, గోదావరి గట్టున ఒకటిన్నర శతాబ్దం నిలిచిన నిద్రగన్నేరు పడిపోయినప్పుడు జనం కన్నీళ్లు పెట్టుకున్నారు, తిరిగి చిగురింపజేయాలని పూనుకున్నారు. అది న్యాయమైన పని. బతికే వీలున్న చెట్టును బతికించుకోవడమే ముందు. ఆశ లేదని తేలాకే రంపం మాట.

అసలు చిక్కు రోడ్డు మీద మొదలై సామిల్లు గేటు దాకా సాగుతుంది. వీధి చెట్టు అంటే సామిల్లు యజమానులు భయపడతారు. వాళ్ల భయంలో నిజముంది. బోర్డులు కొట్టిన మేకులు, ఫ్లెక్సీలు కట్టిన తీగలు, ట్రీగార్డు ముక్కలు చెట్టు పెరిగేకొద్దీ లోపలికి వెళ్లిపోతాయి, పైకి కనపడవు. సామిల్లులో తిరిగే పట్టీ రంపం, బ్యాండ్‌సా, ఒక్క మేకును తాకితే బ్లేడు పోయినట్టే. తెగి ఎగిరితే మనిషికే ప్రమాదం. దుంగను ముందు చేతి మెటల్ డిటెక్టర్‌తో తడిమి చూస్తే ఈ ముప్పు చాలావరకు తప్పుతుంది. తుమ్మ, చింత లాంటి కర్రల్లో మేకు ఉన్నచోట కోత మీద నల్లటి మరక కనిపిస్తుంది, అదీ ఒక గుర్తే. ఇరుకు సందులో పడి కదలని మానునైతే మిషన్ రంపానికి పట్టాలు బిగించి అక్కడే పలకలు తీసే పద్ధతి ఉంది. కాకపోతే ఆ రంపం ప్రతి కోతకూ ఎనిమిది మిల్లీమీటర్ల దాకా చెక్కను పొట్టు చేస్తుంది. బ్యాండ్‌సా తినేది రెండు మూడు మిల్లీమీటర్లే. కాబట్టి మిల్లుకు చేర్చగలిగినవి చేర్చడమే మేలు.

రెండో భయం కాగితాలది. అడవుల రక్షణకు సంబంధించిన గోదావర్మన్ కేసులో 1996 నాటి సుప్రీంకోర్టు ఆదేశాల తర్వాత సామిల్లుల మీద లైసెన్సుల నిఘా బిగిసింది. చెట్టు కొట్టడానికి 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం (వాల్టా) కింద అనుమతి, కలప తరలించడానికి అటవీశాఖ పర్మిట్ అడుగుతారు. దొంగ కలపను ఆపడానికి పెట్టిన ఈ కట్టుదిట్టాలు ఉండాల్సిందే. గాలికి పడిన వీధి చెట్టుకు మాత్రం వారాల తరబడి ఫైలు నడిపితే ఆ లోపు చెక్క కుళ్లుతుంది. మామిడి దుంగ వానలో కొన్ని వారాలు పడి ఉంటే చాలు, బూజు లోపలికి దిగి నీలిమరకలు వస్తాయి. చెట్టు పడినచోటే వేళ్లతో సహా ఫొటో తీసి, కొలతలు రాసి, మున్సిపల్ ఇంజినీరు, అటవీ సిబ్బంది ఇద్దరూ సంతకం చేసిన ఒక్క కాగితం మిల్లుకు సరిపోయేలా ప్రభుత్వాలు ఏర్పాటు చేయాలి. ఈ వెసులుబాటును సాకుగా తీసుకుని నిలబడి ఉన్న చెట్టును పడగొట్టే ఘనులు పుట్టుకొస్తారని మాకు తెలుసు. అందుకే వేళ్ల ఫొటో తప్పనిసరి అంటున్నాం.

అభయారణ్యాల దారి వేరు. 2024 ఆగస్టు 31న ములుగు జిల్లా తాడ్వాయి అడవిలో వీచిన సుడిగాలికి 50 వేలకు పైగా చెట్లు ఒక్క రోజులో నేలకొరిగాయి. ఇంత కలప వృథా పోవాలా అని అప్పుడు చాలామంది బాధపడ్డారు. జాతీయ పార్కులు, అభయారణ్యాల నుంచి గాలికి పడిన చెట్లను సైతం తీయరాదని 2000 ఫిబ్రవరి 14న సుప్రీంకోర్టు ఆదేశించింది. దాన్ని మేం సమర్థిస్తున్నాం. అడవిలో పడిన మాను పుట్టగొడుగులకు, పురుగులకు, వడ్రంగి పిట్టలకు ఇల్లు, కొత్త మొలకలకు ఎరువు. మన బల్లల కోసం దాన్ని లాగితే ఆ అడవికి అన్యాయం.

తుపాను మాత్రం ఊళ్ల మీదే పడుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను తాకినప్పుడు నగరంలో పచ్చదనం ఒక్క పూటలో నేలపాలైంది. నాలుగేళ్లకు తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లా ఉద్దానం కొబ్బరిని కూల్చింది. అలాంటప్పుడు ఒక్కో చెట్టు గురించి ఆలోచించే తీరిక ఎవరికీ ఉండదు. అందుకే ఏర్పాటు ముందే ఉండాలి. 2005 జనవరిలో గుడ్రున్ తుపాను స్వీడన్‌లో ఏడున్నర కోట్ల ఘనపు మీటర్ల కలపను పడగొట్టింది. వాళ్లు దుంగలను మైదానాల్లో పేర్చి నెలల తరబడి నీళ్లు చిమ్ముతూ తడిపి ఉంచారు. పూర్తిగా తడిసిన చెక్కలోకి గాలి చొరదు, బూజూ పురుగూ పట్టవు. చెరువు గట్టున ఒక స్థలం, నాలుగు మోటార్లు ఉంటే మనమూ ఆ పని చేయగలం. కొబ్బరి మాను పైఅంచు గట్టిగా, లోపలంతా దూదిలా ఉంటుంది. అంచు పలకలు మాత్రమే వాడాలి, అదీ త్వరగా కోయాలి. ఫిలిప్పీన్స్‌లో 2013 నాటి హైయన్ తుపానుకు కూలిన కొబ్బరి మానులను రైతులు అలాగే కోసి ఇళ్లు కట్టుకున్నారు.

కోసిన రోజే పలక వాడేస్తామంటే కుదరదు. పచ్చి చెక్కతో చేసిన తలుపు ఏడాది తిరిగేసరికి కుంచించుకుపోయి సందులు చూపిస్తుంది. దుంగ కొసలకు పాత పెయింటో మైనమో పూయాలి, లేకపోతే అక్కడి నుంచే నెర్రెలు పడతాయి. ఇటుకల మీద, నీడలో, పలకకూ పలకకూ మధ్య అంగుళం పేళ్లు అడ్డంగా పెట్టి గాలి ఆడేలా పేర్చాలి. తెల్ల చెక్కకు పురుగు పట్టకుండా బొరాక్స్, బోరిక్ ఆమ్లం కలిపిన నీళ్లు పట్టించాలి. అంగుళం మందానికి ఏడాది అని వడ్రంగులు చెప్పే లెక్క. మున్సిపాలిటీ గోదాములో ఒక మూల రేకుల షెడ్డు ఇస్తే సరిపోయే పని ఇది.

అక్టోబరు, నవంబరు మనకు తుపాన్ల నెలలు. ప్రతి పట్టణంలో ఒక యార్డు, దుంగ ఎత్తే క్రేన్ ఒకటి, ముందే ఒప్పందం చేసుకున్న లైసెన్సు సామిల్లు ఒకటి ఆ లోపు సిద్ధం కావాలి. అవి కుదిరే దాకా ఆగక్కర్లేని పని ఒకటుంది. రంపం పట్టే సిబ్బందికి ఎనిమిదడుగుల కొలకర్ర ఇచ్చి, మానును దాని కంటే పొట్టిగా కోయవద్దని చెప్పి పంపడం. దానికి జీవో అక్కర్లేదు, కమిషనర్ నోటిమాట చాలు.