మంజూరు అంటే డబ్బు చేతికొచ్చినట్టు కాదు

'నిధులు మంజూరయ్యాయి, అయినా పాతబస్తీ బడిలో గదులు లేవలేదు, తప్పు హెడ్మాస్టర్‌దే' అన్న తీరులో మీ పత్రిక వ్యాసంలో రాశారు. అది అన్యాయం. హెడ్మాస్టర్ చేతిలో ఉండేది ఏటా వచ్చే స్కూల్ గ్రాంటు మాత్రమే. కేంద్రం, రాష్ట్రం కలిసి బడులకు నిధులిచ్చే సమగ్ర శిక్షా పథకం నిబంధన ప్రకారం 100 నుంచి 250 మంది పిల్లలున్న బడికి 50 వేలు. సుద్దముక్కలు, కరెంటు బిల్లు, నల్లా రిపేరు అన్నీ అందులోనే. గది కట్టడం వేరే ఖాతా.

ఆ ఖాతాలో కేంద్రం 60, రాష్ట్రం 40 శాతం. విడతల్లో వస్తుంది, ముందు విడత ఖర్చు పెట్టామని చూపే వినియోగ పత్రం వెళ్లకపోతే తర్వాతిది ఆగుతుంది. పునాది, లెంటెల్, స్లాబు దాకా వచ్చి ఆగిన గదులు కనబడేది అందుకే. అయిన పనిని ఇంజనీరు కొలిచి కొలతల పుస్తకంలో రాసినా బిల్లు ట్రెజరీలో నెలలు పడి ఉంటే కాంట్రాక్టరు సెంట్రింగు విప్పుకుని పోతాడు. బయటికి వదిలేసిన ఊచలు వానకు తుప్పు పడతాయి, మళ్లీ పని మొదలయ్యేసరికి పాత ఎస్టిమేటు చాలదు.

2022లో తెలంగాణ ప్రభుత్వం సర్కారు బడుల బాగుకు మొదలుపెట్టిన 'మన ఊరు - మన బడి'కి 7,289 కోట్లు ప్రకటించారు. అందులో గ్రామీణ ఉపాధి హామీ నిధులనూ కలిపారు. ఊళ్లలో ప్రహరీకి, వంటగదికి అవి పనికొచ్చాయి. హైదరాబాద్ జిల్లా మొత్తం పట్టణమే కాబట్టి ఇక్కడ ఆ దారి మూసుకుపోయింది. ఈ తేడా మీ వ్యాసంలో రావాల్సింది.

ఇంకొకటి, నగరంలో అద్దె భవనాల్లో నడిచే బడులు. సొంత స్థలం కాగితం లేనిదే కొత్త గది అడగడానికే వీల్లేదు. ముందు తహసీల్దారు దగ్గర స్థలం తేలాలి. మీ విలేకరి తాను రాసిన పాతబస్తీ బడి మంజూరు ఉత్తర్వు నంబరు, కొలతల పుస్తకంలో చివరి నమోదు తేదీ, పెండింగు బిల్లు మొత్తం సమాచార హక్కు కింద అడిగితే ఎక్కడ ఆగిందో తెలుస్తుంది.