శనివారపు వీరులు: కళా, కక్కుర్తా?

వాదనాంశం ఇది. 1966 నుంచి 1968 వరకు అమెరికా టెలివిజన్‌లో శనివారం ఉదయాలను ఏలిన సూపర్ హీరో కార్టూన్లను కళగా చూడాలా, లేక కార్న్‌ఫ్లేక్స్ డబ్బాలు అమ్ముకోవడానికి తయారు చేసిన చవక సరుకుగా చూడాలా? వాదించేవారిలో ఒకరు హైదరాబాదులో యానిమేషన్ బొమ్మలు గీసే చిత్రకారుడు, రెండోవారు ఆయనకు బడిలో తెలుగు చెప్పి ఇప్పుడు విశ్రాంత జీవితం గడుపుతున్న మాస్టారు. బొమ్మలు గీసేవాడు బొమ్మలను వెనకేసుకొస్తాడనీ, మాస్టారు తిట్టిపోస్తారనీ ఎవరైనా అనుకుంటారు. జరిగింది దానికి తలకిందులు.

చిత్రకారుడు: మాస్టారూ, నేను డబ్బు లెక్కతోనే మొదలుపెడతాను, ఎందుకంటే ఈ కార్టూన్ల పుట్టుక అక్కడే ఉంది. 1941లో ఫ్లైషర్ స్టూడియో సినిమాహాళ్ళ కోసం సూపర్‌మ్యాన్ కార్టూన్ తీసినప్పుడు, పది నిమిషాల మొదటి చిత్రానికే దాదాపు 50,000 డాలర్లు ఖర్చయ్యాయని చెబుతారు. ఆ బొమ్మకు బరువుంది, నీడ ఉంది, కూలబోతున్న భవనాన్ని నిలబెట్టేటప్పుడు ఒంట్లో బిగువు కనిపిస్తుంది. 1957కి వచ్చేసరికి సినిమాలు తీసే ఎం.జి.ఎం. సంస్థ తన కార్టూన్ విభాగాన్ని మూసేయడంతో, టామ్ అండ్ జెర్రీతో ఏడు ఆస్కార్లు తెచ్చిన విలియం హనా, జోసెఫ్ బార్బెరా టెలివిజన్ గడప తొక్కవలసి వచ్చింది. అక్కడ ఒక్కో చిన్న కార్టూన్‌కు దొరికింది దాదాపు 3,000 డాలర్లు. ఆ డబ్బుతో గట్టెక్కడానికి పట్టుకున్న ఉపాయమే లిమిటెడ్ యానిమేషన్. ఒళ్ళు ఒక సెల్ మీద, అంటే పారదర్శకమైన పలుచని రేకు మీద, తల మరో సెల్ మీద, నోరు ఇంకో సెల్ మీద గీసి, మాట్లాడేటప్పుడు నోరు ఒక్కటే మారుస్తారు. వాళ్ళ కార్టూన్లలోని యోగి అనే ఎలుగుబంటి మెడకు కాలరు, టై తగిలించింది కూడా ఆ అతుకును కప్పిపుచ్చడానికే. నవ్వించే ఎలుగుబంటికి అది సరిపోయింది. 1966లో అదే పద్ధతిని గాలిలో ఎగిరి గుద్దులాడే వీరులకు అంటగట్టారు, నా అభ్యంతరమంతా అక్కడే.

మాస్టారు: నీ లెక్కను కాదనను అబ్బాయీ. కాని లేమి ఉన్నచోట కళ ఉండదన్నట్టు మాట్లాడుతున్నావు, అది నేను ఒప్పుకోను. నిమ్మలకుంట వాళ్ళ తోలుబొమ్మలాటలో రావణుడి బొమ్మకు కదిలేవి మెడ, చేతులు, కాళ్ళు, అంతే. కనురెప్ప వాలదు, పెదవి కదలదు. అయినా తెర వెనక పద్యం అందుకునే గొంతు ఉంది చూశావూ, ఆ గొంతు పెదవి కదలని బొమ్మకు కోపం తెప్పిస్తుంది, సిగ్గు తెప్పిస్తుంది. 1966 సెప్టెంబరు 10న సి.బి.ఎస్. చానెల్లో మొదలైన హనా, బార్బెరాల స్పేస్ ఘోస్ట్ కార్టూన్‌లో ఆ వీరుడికి గొంతు ఇచ్చిన గ్యారీ ఓవెన్స్ చేసిన పని అదే. ఆ రోజే అదే చానెల్లో మొదలైన ఫిల్మేషన్ కంపెనీ వారి సూపర్‌మ్యాన్‌కు గొంతు ఇచ్చిన బడ్ కోలియర్, 1940 నుంచి రేడియోలోనూ, నువ్వు మెచ్చుకుంటున్న ఫ్లైషర్ చిత్రాలలోనూ సూపర్‌మ్యాన్‌గా పలికినవాడే. క్లార్క్ కెంట్ సన్నని గొంతుతో వాక్యం మొదలుపెట్టి, పూర్తయ్యేలోపు దాన్ని బరువుగా కిందికి దించి సూపర్‌మ్యాన్ అయిపోవడం ఆయనకు రేడియో నేర్పిన విద్య. బొమ్మ కదలకపోయినా ఆ వాక్యంలో మనిషి మారిపోతాడు.

చిత్రకారుడు: పోలిక బాగుంది గాని, అందులో మీరు ఒక ముఖ్యమైన సంగతి దాటవేశారు. తోలుబొమ్మలాటలో జుట్టుపోలిగాడు, బంగారక్క ఏ ఊళ్ళో ఆడితే ఆ ఊరి సంగతులు కలిపి మాట్లాడతారు. ముందు కూర్చున్నవాళ్ళు నవ్వితే ఆట సాగుతుంది, ఆవులిస్తే ఘట్టం మారుతుంది. కార్టూన్‌కు ఆ సౌకర్యం లేదు, ఒకసారి తీసిన ఫిల్మే మళ్ళీ మళ్ళీ తిరుగుతుంది. పైగా ఆ ఫిల్ములోపల కూడా పాత ముక్కలే. ఫిల్మేషన్ సూపర్‌మ్యాన్ ఎగిరే షాటును ఒకసారి గీసి దాచుకుని, నగరం మీదైనా సముద్రం మీదైనా వెనక చిత్రం మార్చి అదే వాడారు. ఆ కంపెనీ అప్పటికి ఎంత చిన్నదంటే, సూపర్‌మ్యాన్ హక్కుదారుల మనిషి ఆఫీసు చూడటానికి వస్తున్నాడని తెలిసి, ఖాళీ బల్లల దగ్గర తెలిసినవాళ్ళను కూర్చోబెట్టి పని చేస్తున్నట్టు నటింపజేశామని, స్థాపకులలో ఒకడైన లూ షైమర్ తానే చెప్పుకున్నాడు.

(ఇక్కడ మాస్టారు నవ్వారు. తనిఖీ అధికారి వచ్చిన రోజున పక్క ఊరి పిల్లలను తెచ్చి తరగతి నింపిన బడులు ఆయనకు తెలియనివి కావు.)

చిత్రకారుడు: ఇంకా చెప్పనివ్వండి. అదే 1966లో గ్రాంట్‌రే-లారెన్స్ అనే సంస్థ మార్వెల్ వీరుల కార్టూన్లు తీసింది. తీసింది అనడం కూడా ఎక్కువే. జాక్ కిర్బీ, స్టీవ్ డిట్కో కామిక్ పుస్తకాలలో గీసిన బొమ్మలను జిరాక్స్ పద్ధతిలో సెల్ మీదికి దింపి, పెదవులు కదిలించి వదిలారు. మరుసటి ఏడాది స్పైడర్‌మ్యాన్ మొదలుపెట్టినప్పుడు, దుస్తుల నిండా సాలెగీతలు గీయడం శ్రమ అనుకుని, తల, చేతులు, కాళ్ళ దగ్గర మాత్రం గీతలు ఉంచి మిగతా ఒంటికి రంగు పూసి ఊరుకున్నారు. అతని దారం ఏ భవనానికి తగులుతుందో ఎవరికీ తెలియదు, ఆకాశానికే అంటుకుంటుంది. ఆ సంస్థ దివాలా తీశాక బాధ్యత తీసుకున్న రాల్ఫ్ బక్షీ, డబ్బు చాలక, రాకెట్ రాబిన్ హుడ్ అనే మరో కార్టూన్ నుంచి కథతో సహా బొమ్మలు తెచ్చి స్పైడర్‌మ్యాన్ కథలో అతికించాడు. నా చేతికింద పనిచేసే కుర్రవాడు ఇలా చేసి తెస్తే నేను ఊరుకుంటానా?

మాస్టారు: ఊరుకోవు, ఊరుకోకూడదు కూడా. బక్షీని నేను సమర్థించను. కాని అన్నిటినీ ఒకే గాటన కట్టకు. ఎగిరే షాటు మళ్ళీ రావడం నీకు దొంగతనంగా కనిపిస్తున్నది. హరికథలో అదే వరస, అదే చిందు పదిసార్లు వస్తే అది వస్తుందని తెలిసినందుకే పిల్లలు ముందుగా చేతులు సిద్ధం చేసుకుంటారు. అది పక్కన పెట్టు, నీ వృత్తిలో నుంచే సాక్షిని పిలుస్తాను. స్పేస్ ఘోస్ట్ రూపాన్ని గీసింది అలెక్స్ టోత్. అప్పటికి దాదాపు ఇరవై ఏళ్ళుగా కామిక్స్ గీస్తున్నవాడు, గీత గీయడంలో కన్నా మానడంలో పేరు తెచ్చుకున్నవాడు. ఒళ్ళంతా తెలుపు, తలకు నల్లని ముసుగు, వెనక పసుపుపచ్చని అంగీ, మణికట్టుకు రెండు పట్టీలు. అంతకు మించి ఏమీ లేదు. ఒక గీత తీసేస్తే బొమ్మ చెడుతుంది, ఒకటి కలిపితే బరువెక్కుతుంది. తక్కువ గీతలు గీయాలన్నది డబ్బు లేని స్టూడియో పెట్టిన షరతు, నిజమే. ఆ షరతు టోత్‌కు సంకెల కాలేదు, ఛందస్సు అయింది. కందంలో అయిదు మాత్రల గణం ఇమడదని కవి ఏడుస్తూ కూర్చోడు.

చిత్రకారుడు: టోత్ విషయంలో మీతో పోట్లాడను. పాత్ర రూపం ఎలా గీయాలో చూపే ఆయన మోడల్ షీట్ల నకళ్ళు నా బల్ల మీదే ఉంటాయి, కొత్తగా చేరినవారికి మొదట చూపించేది వాటినే. అయితే మీరు గమనించారో లేదో, నేను చూపించేది కాగితాన్ని, కార్టూన్‌ను కాదు. టోత్ షీటులో స్పేస్ ఘోస్ట్ నిలబడితే భుజాలలో బరువు తెలుస్తుంది. ఆ షీటు పదిమంది చేతులు మారి, గడువు తరిమి, వారం వారం అరగంట నింపవలసిన తెర మీదికి వచ్చేసరికి ఆ బరువు ఆవిరైపోయింది. పరుగెత్తే మనిషి నడుము నుంచి పైన కొయ్యలా ఉంటాడు. మీరు పొగిడిన పద్యం టోత్‌ది, తెర మీద వినిపించింది అప్పజెప్పుకునే కుర్రవాడిది.

మాస్టారు: అప్పజెప్పిన కుర్రవాడి వల్లే పద్యం ఊళ్ళోకి వచ్చింది కదా!

చిత్రకారుడు: ఊళ్ళోకి తెచ్చింది కుర్రవాడు కాదు మాస్టారూ, వ్యాపారి. సి.బి.ఎస్. పగటి కార్యక్రమాలు చూసే ఫ్రెడ్ సిల్వర్‌మ్యాన్‌కు అప్పటికి ముప్పై ఏళ్ళు కూడా నిండలేదు. 1966 జనవరిలో ఎ.బి.సి. చానెల్లో మొదలైన బ్యాట్‌మ్యాన్ సీరియల్ పిచ్చి దేశమంతా పాకడం చూసి, శనివారం ఉదయాన్ని వీరులతో నింపాడు. పెద్దలు నిద్ర లేవని ఆ వేళలో పిల్లలకు తిండిపదార్థాలూ బొమ్మలూ నేరుగా అమ్మవచ్చునని ప్రకటనకర్తలకు ముందే తెలుసు. 1964లో వచ్చిన అండర్‌డాగ్ అనే కార్టూన్‌ను సృష్టించినవాళ్ళు, అల్పాహారపు డబ్బాలు అమ్మే జనరల్ మిల్స్ వారి ఖాతా చూసే ప్రకటనల కంపెనీ మనుషులే.

మాస్టారు: సరే, అమ్మకం కోసమే పుట్టారు అనుకుందాం. మరి అంత లాభం తెచ్చిన వీరులు రెండేళ్ళలో ఎందుకు మాయమయ్యారు? బొమ్మలు బాగాలేవని కాదు. 1968 ఏప్రిల్‌లో మార్టిన్ లూథర్ కింగ్‌ను, జూన్‌లో రాబర్ట్ కెనెడీని కాల్చి చంపారు. దేశంలో హింసకు కారణాలేమిటో తేల్చమని అధ్యక్షుడు జాన్సన్ ఒక కమిషన్ వేశాడు. టెలివిజన్ వైపు వేళ్ళు లేచాయి. చానెళ్ళు భయపడి గుద్దులాడే వీరులను తప్పించి ఆర్చీ పాటలూ, 1969లో స్కూబీ-డూ దయ్యాలూ తెచ్చాయి. 1973లో వీరులు సూపర్ ఫ్రెండ్స్ పేరుతో తిరిగి వచ్చారు గాని, ఎవరినీ కొట్టకూడదు. భీముడి చేతిలో గద లాక్కుని, దుశ్శాసనుడికి నచ్చజెప్పి రమ్మన్నట్టుంది.

చిత్రకారుడు: నేను తల్లిదండ్రుల పక్షమే. 1968లో మసాచుసెట్స్‌లో పెగ్గీ చారెన్ తోటి తల్లులతో కలిసి పిల్లల టెలివిజన్ బాగు కోసం సంఘం పెట్టడం...

మాస్టారు: అక్కడ ఆగు. ఆ సంఘాన్ని వీరుల పాలిటి శత్రువుగా చెప్పడం అలవాటైపోయింది. 1970లో వారు ప్రసారాలను నియంత్రించే ప్రభుత్వ కమిషన్‌ను అడిగింది పిల్లల కార్యక్రమాలలో ప్రకటనలు ఉండకూడదని, వారానికి కనీసం 14 గంటల పిల్లల కార్యక్రమాలు ఉండాలని. అంటే, అబ్బాయీ, నువ్వు ఇందాక తిట్టిన కార్న్‌ఫ్లేక్స్ డబ్బా మీదే వారి పోరాటం. చానెళ్ళు మాత్రం డబ్బాను ఉంచుకుని గద తీసేశాయి.

(ఈ మాటకు చిత్రకారుడు వెంటనే బదులు చెప్పలేదు. నా లెక్కలో ఈ వాదన మొత్తం మీద మాస్టారు గెలిచిన ఘట్టం ఇదొక్కటే. తోలుబొమ్మలాట పోలిక అప్పుడే చిరిగిపోయింది.)

చిత్రకారుడు: ఒప్పుకున్నాను. అయినా వాటిలోని హింస మీద నా ఫిర్యాదు వేరు. దెబ్బ తగిలినవాడికి నొప్పి కనిపించదు, ఎందుకంటే నొప్పి గీయడానికి డ్రాయింగులు ఎక్కువ కావాలి. గుద్దుకు ముందు ఒక బొమ్మ, తరువాత ఒక బొమ్మ, మధ్యలో మెరుపు. ఇది కూడా డబ్బు దగ్గరికే వచ్చి ఆగింది.

మాస్టారు: ఇంత నీచమైన సరుకును నువ్వెందుకు చూశావు మరి? కార్టూన్ నెట్‌వర్క్ వచ్చిన కొత్తలో మీ ఇంట్లో కేబుల్ లేదు. మా వరండాలో చాప మీద కూర్చుని ఆ కాలపు కార్టూన్లే అయిన బర్డ్‌మ్యాన్, హెర్క్యులాయిడ్స్ చూసింది నువ్వు కాదూ? అప్పుడు అదంతా ఇంగ్లీషులోనే వచ్చేది, నీకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు.

చిత్రకారుడు: చూశాను. బర్డ్‌మ్యాన్ రెక్కలు విప్పి తన పేరు తానే సాగదీసి అరిచే అరుపు ఇప్పటికీ చెవిలో ఉంది. మీరన్నట్టు గొంతే మిగిలింది, రెక్క ఎలా కదిలిందో గుర్తు లేదు. కాని మీరు కూడా పక్కన పడక కుర్చీలో కూర్చుని చూశారు కదా, వాటిలో ఒక్క కథ, మొదటి నుంచి చివరిదాకా, చెప్పండి.

మాస్టారు: ఎందుకు చెప్పను? ఒక గ్రహం ఉంటుంది. ఆ గ్రహం మీదికి ఒక దుర్మార్గుడు...

చిత్రకారుడు: ఏ గ్రహం మాస్టారూ?

మాస్టారు: ఉండు, గుర్తు చేసుకోనీ.