తాగుడు ముందా, మనసు ముందా?

"ముందు తాగుడు మాన్పించండి, వ్యక్తిత్వ సమస్య సంగతి తర్వాత చూడొచ్చు" అని, తాగుడూ వ్యక్తిత్వ సమస్యా రెండూ ఉన్నవాళ్ల గురించి వచ్చిన ఒక వ్యాసంలో ఇచ్చిన సలహా నాకు మింగుడుపడలేదు. మానేటప్పుడు వణుకు, ఫిట్స్ వస్తాయనుకుంటే డీటాక్స్ (డాక్టర్ల పర్యవేక్షణలో ఒంట్లోంచి మద్యాన్ని దింపడం) ముందు జరగాల్సిందే, అందులో వాదన లేదు. కానీ బోర్డర్‌లైన్ పర్సనాలిటీ డిజార్డర్ (భావోద్వేగాలు అదుపు తప్పి, బంధాలు నిలకడగా ఉండని వ్యక్తిత్వ సమస్య) ఉన్నవాళ్లలో చాలామంది కోపాన్ని, ఒంటరితనాన్ని అణచుకోవడానికే తాగుతారు. ఆ ఒక్క ఆసరా లాగేసి ఇంటికి పంపితే, చిన్న గొడవ చాలు మళ్లీ సీసా పట్టడానికి.

అమెరికాలో మనస్తత్వవేత్త మార్షా లీనెహాన్ ఈ సమస్య కోసం రూపొందించిన డీబీటీ (డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ, అంటే భావోద్వేగాలను తట్టుకోవడం నేర్పే మాటల చికిత్స)ని 1990లలోనే, మత్తు అలవాటు కూడా ఉన్నవాళ్లకు తగ్గట్టు మార్చారు. పూర్తిగా మానడమే అందులోనూ లక్ష్యం. అయితే జారి మళ్లీ మొదలుపెట్టినవాళ్లను తిట్టి పంపేయరు; ఆ రోజు ఏం జరిగి అక్కడిదాకా వచ్చిందో కూర్చుని విప్పి చూసి, చికిత్స కొనసాగిస్తారు. మా బంధువుల అబ్బాయి ఉన్న, తాగుడు మాన్పించే సెంటర్‌లో మాత్రం తాగితే గేటు బయటికే! అసలు సాయం కావాల్సింది ఆ రోజే కదండీ.

అలాగని మానిన మొదటి వారంలోనే చూసి "వీడి స్వభావమే అంత" అని ముద్ర వేయడమూ తప్పే. తాగుడు మొదలవకముందు ఎలా ఉండేవాడో ఇంట్లోవాళ్లను అడగాలి. ఎక్కడికి వెళ్లాలో తెలియనివాళ్లు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416కి ఫోన్ చేయొచ్చు, డబ్బులేం కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు.