మద్రాసా, బెంగళూరా: ఒక ఇంటి కమిటీ మధ్యంతర నివేదిక

తిరుపతిలో ఒక కుర్రాడికి ఒకేసారి రెండు ఊళ్ల నుంచి ఉద్యోగాలు వస్తే అది వాడి సొంత విషయం అనుకునేవాళ్లు ఈ వ్యాసం చదవనక్కర్లేదు, వాళ్లకు మా ఊరి రాజ్యాంగం తెలియదు. ఆఫర్ లెటర్ వచ్చిన రాత్రికే ఇంట్లో ఒక కమిటీ ఏర్పడుతుంది. దానికి నోటిఫికేషన్ ఉండదు, కోరం ఉండదు, గడువు అసలే ఉండదు. సభ్యులు తమను తామే నియమించుకుంటారు. ఉద్యోగం వచ్చినవాడికి మాత్రం సభ్యత్వం ఇవ్వరు, వాడికి అనుభవం లేదు కదా.

మా అన్న కొడుక్కి ఈ మధ్య ఇలాగే చెన్నైలో ఒకటి, బెంగళూరులో ఒకటి వచ్చాయి. చిన్నాయన హోదాలో నేనూ కమిటీలో కూర్చున్నాను. నాలుగు ముక్కలు రాయడం వచ్చు కాబట్టి నివేదిక పని నా నెత్తిన పడింది. ఏటా మే, జూన్ నెలల్లో ఈ చుట్టుపక్కల బోలెడు ఇళ్లలో ఇదే పంచాయితీ నడుస్తుంది కనుక, ప్రజాప్రయోజనం దృష్ట్యా అందులోని ముఖ్య విషయాలు బయటపెడుతున్నాను.

ముందు రాజకీయ పరిస్థితి చెప్పాలి. మా బంధువర్గంలో రెండు పార్టీలున్నాయి, రెండూ సిద్ధాంతం మీద కాకుండా బస్ రూట్ల మీద పుట్టినవి. నగరి, పుత్తూరు, సత్యవేడు వైపు వాళ్లది మద్రాసు పార్టీ. పలమనేరు, పుంగనూరు, కుప్పం వైపు వాళ్లది బెంగళూరు పార్టీ. మద్రాసు పార్టీకి ఆ ఊరి పేరు 1996లో మారిందన్న సమాచారం ఇంకా అందలేదు. వాళ్ల నాయకుడు నగరిలో ఉండే మా పెద్దనాయన. ‘మద్రాసు మనదే’ అని పెద్దవాళ్లు అరిచిన రోజుల్లో ఆయన చేతిలో పలకా బలపం తప్ప ఏమీ లేదు గానీ, 1953లో మద్రాసు లేకుండా ఆంధ్ర రాష్ట్రం ఇచ్చిన అన్యాయం ఆయన ఒక్కడికే జరిగినట్టు మాట్లాడతారు. 1960 ఏప్రిల్ 1న మన చిత్తూరు జిల్లాలోని తిరుత్తణి అటు పోయి, సత్యవేడు వైపు ఊళ్లు ఇటు వచ్చిన సంగతినైతే నిన్నగాక మొన్న అన్నదమ్ముల మధ్య జరిగిన భాగపరిష్కారంలా చెబుతారు. మనవాడు వెళ్లి అక్కడ నెలనెలా జీతం తీసుకుంటే తిరుత్తణి బాకీలో కొంతైనా వసూలవుతుందని ఆయన లెక్క.

బెంగళూరు పార్టీకి చరిత్ర తక్కువ, ఊపు ఎక్కువ. దానికి నాయకుడు కుప్పం మామ, అంటే మా వదిన అన్న. కుప్పంలో చాలామంది పొద్దున్నే రైలెక్కి బెంగళూరులో పని చేసుకుని, రాత్రికి ఇంటికొచ్చి సంగటి తింటారు. అందువల్ల ఆయన దృష్టిలో బెంగళూరు వేరే రాష్ట్రంలో లేదు, కుప్పంలోనే కాస్త దూరంగా కట్టారు.

“మన పిల్లోళ్లంతా ఆడే ఉండారు కదా బావా. మారతహళ్లిలో నిలబడి ఒరే అబ్బీ అని పిలిస్తే పది మంది తిరిగి చూస్తారు” అన్నాడు.

“మద్రాసులో చూడరా?” అని పెద్దనాయన.

“చూస్తారు. అరవంలో చూస్తారు.”

ఆ దెబ్బకు మొదటి సమావేశం వాయిదా పడింది.

దూరం లెక్క తీస్తే అంకెలన్నీ మద్రాసు పక్షమే. రోడ్డు మీద చెన్నై సుమారు 140 కిలోమీటర్లు, బెంగళూరు సుమారు 250. సప్తగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే పుత్తూరు, తిరుత్తణి, అరక్కోణం దాటుకుని మూడు గంటల పైచిలుకులో సెంట్రల్‌లో దిగొచ్చు. కానీ ఇంటి కమిటీలు కిలోమీటర్లను నమ్మవు. ఇక్కడినుంచి కట్టిచ్చిన నాటుకోడి పులుసు అక్కడికి చేరేసరికి తినేలా ఉంటుందా, పారబోసేలా ఉంటుందా అన్నదే కొలత. బెంగళూరు దారిలో చంద్రగిరి, చిత్తూరు, మొగిలి ఘాట్, పలమనేరు, ముళబాగిలు, కోలారు వరకు ఏ ఇబ్బందీ లేదు, ఆడుతూ పాడుతూ పోతుంది బస్సు. అసలు ప్రయాణం కె.ఆర్.పురం దగ్గర మొదలవుతుంది. టిన్ ఫ్యాక్టరీ దగ్గర బస్సు ఇరుక్కుంటే పక్కపక్క సీట్ల వాళ్లు ఒకరి ఇంటిపేరు ఒకరు కనుక్కుని, సంబంధం కలుపుకుని, జాతకాల దగ్గర పేచీ వచ్చి విరమించుకునేంత సమయం దొరుకుతుంది. కె.ఆర్.పురంలో దిగిపోయి మెట్రో ఎక్కితే మెజెస్టిక్ దాకా పోవచ్చు, 2023 నుంచి ఉంది అని కుర్రాడు ఒకసారి నోరు తెరిచాడు. సభ్యుడు కానివాడు మాట్లాడకూడదని గుర్తుచేశాం.

ఈ సందర్భంలోనే బెంగళూరు–చెన్నై ఎక్స్‌ప్రెస్ వే ప్రస్తావన వచ్చింది. సుమారు 260 కిలోమీటర్ల రోడ్డు, మన చిత్తూరు జిల్లా నేల మీదుగానే వేస్తున్నారు. అది పూర్తయితే చెన్నైవాడు బెంగళూరుకూ, బెంగళూరువాడు చెన్నైకీ మన పక్కనుంచి మన వైపు చూడకుండా దూసుకుపోతారు, ఇది అభివృద్ధి అని సభ్యులందరం తలూపాం. అప్పుడు వాడి అవ్వ, అంటే మా అమ్మ, వత్తులు చేసుకుంటూ అడిగింది: “ఈడ అంత పెద్ద యూనివర్సిటీ ఉండాది, ఏర్పేడులో ఐఐటీ అంటారు, రేణిగుంటలో విమానం దిగతాది, మరి ఉద్యోగం ఈడ యాల లేదు?”

ఎస్వీ యూనివర్సిటీ 1954 నుంచి ఉంది. ఐఐటీ, సైన్సు చదువుల ఐసర్ 2015లో వచ్చాయి. వాటికి ముందూ వెనకా ఎన్ని ఇంజనీరింగ్ కాలేజీలు వచ్చాయో లెక్కపెట్టే ఓపిక ఎవరికీ లేదు. పట్టుచీరలకు మద్రాసు, జబ్బు ముదిరితే వేలూరు, చదువైపోతే బెంగళూరు అని మన తాతల నుంచి నడుస్తున్న ఏర్పాటును ఒక ముసలావిడ ఒక్క ప్రశ్నతో కదిలించబోతే ఊరుకుంటామా? సత్యవేడు దగ్గర ఫ్యాక్టరీల శ్రీసిటీ ఉంది కదమ్మా అని ఎవరో అన్నారు. అక్కడికి కూడా మద్రాసు నుంచి రోజూ వచ్చిపోయేవాళ్లు ఉన్నారని పెద్దనాయన అందుకుని, దాన్ని కూడా తన పార్టీ ఖాతాలో వేసుకున్నారు. మా అమ్మ ప్రశ్న అజెండాలో లేనందున పక్కన పెట్టాం.

జీతం, పని, మేనేజరు లాంటి చిల్లర విషయాలు దాటితే మిగిలేది దర్శనం. తిరుపతివాడు ఏ ఊళ్లో ఏ ఉద్యోగం చేసినా వాడి అసలు ఉద్యోగం ఒక్కటే. ఆఫీసులో మొదటి రోజు పరిచయాల్లో ‘మాది తిరుపతి’ అన్న క్షణం నుంచి వాడు సాఫ్ట్‌వేర్ ఇంజనీరు కాదు, జీతం లేని విచారణ కౌంటర్. కాబట్టి రెండు నగరాల్లోనూ దర్శనం ఒత్తిడి ఎంత ఉంటుందో తేల్చడం కమిటీ తన ధర్మంగా భావించింది. చెన్నైవాళ్లు ఈ విషయంలో స్వయంసమృద్ధి సాధించారు. తమిళుల పెరటాసి నెల వస్తే మనకంటే ముందే కొండమీద ఉంటారు. బ్రహ్మోత్సవాల్లో గరుడసేవకు గొడుగులు కూడా వాళ్ల ఊరి నుంచే ఊరేగింపుగా వస్తాయి. విష్ణునివాసం దగ్గర దర్శనం టోకెన్ల క్యూ ఎంతవరకు వచ్చిందో, అలిపిరి నుంచి 3,550 మెట్లలో ఎక్కడ కూర్చుంటే గాలి బాగా వస్తుందో వాళ్లే మనకు చెబుతారు.

బెంగళూరు ఆఫీసు అలా కాదు. అక్కడ దేశంలోని అన్ని రాష్ట్రాలవాళ్లూ ఉంటారు, అందరికీ అమ్మానాన్నలు ఉంటారు, వాళ్లు పిల్లల్ని చూడ్డానికి బెంగళూరు వస్తారు, లాల్‌బాగ్ ఒక పూటలో అయిపోతుంది, ఆ తర్వాత ఏం చెయ్యాలి? తిరుపతి. టీమ్ లీడ్ కాఫీకి పిలిచాడంటే మనవాడికి ప్రమోషన్ అనుకోకూడదు. మూడు వందల రూపాయల దర్శనం టికెట్లు నెలల ముందే ఆన్‌లైన్‌లో అయిపోతాయి సార్ అంటే, “అది అందరికీ తెలుసు, నువ్వు లోకల్ కదా” అంటాడు. శ్రీవాణి ట్రస్టుకు పదివేలు విరాళం, టికెట్టుకు అయిదు వందలు, మొత్తం 10,500 కడితే బ్రేక్ దర్శనం ఉంది సార్ అని చెప్పగానే ఆయన భక్తి ఒక మెట్టు దిగి, ఎమ్మెల్యే లెటర్ దగ్గర ఆగుతుంది. ఎమ్మెల్యే మన ఇంట్లోనే అద్దెకుంటున్నట్టు అడుగుతారు. మా వీధిలో ఒకతనికి అప్రైజల్‌లో మంచి రేటింగ్ లడ్డూల వల్లే వచ్చిందని అపవాదు ఉంది. రుజువు లేదు. లడ్డూలు మిగల్లేదు కాబట్టి.

దర్శనానికి అనుబంధం ఆధార్. స్థానికులకు నెలలో మొదటి మంగళవారం ఇచ్చే దర్శనం 2024 డిసెంబరులో మళ్లీ మొదలైంది, దానికి ఆధార్‌లో ఇక్కడి అడ్రస్ ఉండాలి. బెంగళూరులో గ్యాస్ కనెక్షన్ కోసమో ఇంకో దానికోసమో ఎవడైనా అడ్రస్ మార్చుకున్నాడా, గోవిందరాజస్వామి గుడి వీధుల్లో పుట్టి పెరిగినా సరే, ఆ రోజు నుంచి వాడు యాత్రికుడే. రైలు దిగి లగేజీతో లైన్లో నిలబడాలి. అందుకని రెండు పార్టీలూ కలిసి చేసిన ఒకే ఒక్క ఏకగ్రీవ తీర్మానం ఇది: ఊరు ఏదైనా కావచ్చు, ఆధార్ కదలకూడదు. వదిన ఇంకో అడుగు ముందుకేసి వాడి కార్డు బీరువాలో పెట్టి తాళం వేసింది. జెరాక్స్ ఇచ్చింది.

చేరాల్సిన తేదీ దగ్గర ఇంకో చిక్కు. బెంగళూరు కంపెనీవాళ్లు మే నెలలో రమ్మన్నారు. మే అంటే గంగమ్మ జాతర. చాటింపు పడ్డాక ఊరివాళ్లు పొలిమేర దాటి బయట ఉండకూడదన్నది ఆచారం. దీన్ని హెచ్‌ఆర్‌కు ఈమెయిల్‌లో ఎలా రాయాలన్న దానిమీద ఒక సాయంత్రమంతా గడిచింది. ‘కుటుంబ కారణాలు’ అని రాయమన్నాడు మా అన్న, అమ్మవారు కుటుంబం కాదా అని. పైగా మావాడు చిన్నప్పటినుంచి ఒంటికి నామకొమ్ము అనే తెల్లసుద్ద పూసుకుని బైరాగి వేషం కట్టేవాడు, పెద్దయ్యాక బండ వేషం. ఆ వేషంలో ఉన్నప్పుడు ఎదురొచ్చిన ఎవర్నైనా, వాళ్ల హోదా ఏదైనా, నోటికొచ్చినట్టు తిట్టొచ్చు, వాళ్లు కోప్పడకూడదు. ఈ సౌకర్యం ఏ కంపెనీ పాలసీలోనూ కనబడలేదు. ఉద్యోగుల మానసిక ఆరోగ్యం అంటూ యోగా క్లాసులు పెట్టేవాళ్లు ఏడాదికొక్కరోజు మేనేజర్ల ఎదుట బండ వేషానికి అనుమతిస్తే రాజీనామాలు సగానికి తగ్గుతాయని నా వ్యక్తిగత అభిప్రాయం, కమిటీకి సంబంధం లేదు.

ప్యాకేజీ బెంగళూరుదే పెద్దది, కాకపోతే అందులో చాలా భాగం వేరియబుల్, అంటే వస్తే వచ్చినట్టు. వారంలో రెండు రోజులు ఇంటినుంచే పని అన్న హామీ కాగితం మీద లేదు, ఫోన్లో చెప్పారు. మా అన్న అడిగింది న్యాయమైన ప్రశ్నే: బెంగళూరు నుంచి వచ్చే దారికి దగ్గర్లోనే కాణిపాకం ఉంది, ఆ హెచ్‌ఆర్ అమ్మాయి వచ్చి కోనేట్లో మునిగి వినాయకుడి ఎదుట ఇదే మాట ప్రమాణం చేసి చెబుతుందా? జవాబు రాలేదు. చెన్నైవాళ్లు ఏ హామీలూ ఇవ్వలేదు కాబట్టి వాళ్లకు కాణిపాకం అవసరం పడలేదు, ఇది వాళ్ల నిజాయితీ అని పెద్దనాయన రికార్డులో రాయించారు.

నీళ్ల గురించి పెద్దగా చర్చ జరగలేదు. 2019లో చెన్నైకి జోలార్‌పేట నుంచి రైల్లో నీళ్లు మోశారు, 2024 ఎండాకాలంలో బెంగళూరు ట్యాంకర్ల వెంట పరిగెత్తింది. 2015లో చెన్నై మునిగింది, 2022లో బెంగళూరు రింగ్ రోడ్డు మునిగి ఐటీ జనం ట్రాక్టర్లెక్కి ఆఫీసులకు పోయారు. 2021 నవంబరులో మనమూ మునిగాం కదా అని నేను అనబోతే, తెగుతుందేమోనని అప్పుడు భయపెట్టిన రాయలచెరువు పేరెత్తావంటే ఊరుకోను అని వదిన కసిరింది. చెన్నైకి పోయేది కండలేరు నుంచి సత్యవేడు వైపుగా వెళ్లే మన కృష్ణా నీళ్లే కాబట్టి పిల్లాడికి నీళ్లు మారవు, జలుబు చేయదు అన్న పెద్దనాయన వాదన ఒక్కటే ఆ పూట కాస్త శాస్త్రీయంగా వినిపించింది. దానికి కుప్పం మామ బెంగళూరు చల్లదనం ఎత్తుకున్నాడు, సుమారు 900 మీటర్ల ఎత్తు, మన కొండంత ఎత్తు అన్నాడు. అంత ఎత్తులో ఉండి స్వామి లేని ఊరు ఎందుకు అని మా అమ్మ.

ఇదంతా క్రోడీకరించి, ముసాయిదా చదివి వినిపించడానికి కుర్రాడిని పిలిచాం. వాడు ఫోన్లోంచి తలెత్తకుండా, బెంగళూరు వాళ్లకు ఓకే చెప్పి చాలా రోజులైంది అన్నాడు. కమిటీ మొదటిసారి కూర్చోకముందే.

“ఏం చూసి చెప్పావురా?” అని మా అన్న.

“రూంలో ఒక మంచం ఖాళీ అయింది నాయనా, మారతహళ్లిలో. మనోళ్ల రూమే. అడ్వాన్సు కట్టక్కర్లేదు.”

పది నెలల అద్దె ముందే గుంజే ఇంటి ఓనర్లు రెండు ఊళ్లలోనూ ఉన్నారన్న విషయం మా నివేదికలో ఎక్కడా లేదు. పెద్దనాయన వాకౌట్ చేశారు. కుప్పం మామ స్వీట్లు తెప్పించాడు. కమిటీని రద్దు చేద్దామన్న నా ప్రతిపాదన వీగిపోయింది, పెద్దనాయన మనవడికి వచ్చే ఏడు క్యాంపస్ ఇంటర్వ్యూలున్నాయి. అంతలో గేటు దాకా వెళ్లిన పెద్దనాయన వెనక్కి వచ్చి, ఆ మంచం ఖాళీ చేసినవాడు ఎవడు, ఎందుకు ఖాళీ చేశాడు అని అడిగారు.

“చెన్నైలో ఉద్యోగం వచ్చి వెళ్లిపోయాడు తాతా.”

ఆదివారం టిఫిన్ తర్వాత అత్యవసర సమావేశం పెట్టాలని మద్రాసు పార్టీ నోటీసు ఇచ్చింది.