ఇంజినీరింగ్ నేర్చేసుకుంటున్నారు, ఆపండి!

ఈ ఊళ్లో ముప్పై ఏళ్లుగా ఇంటిపన్ను కడుతున్నాను. రెండేళ్లుగా కొడుకు ఇంజినీరింగ్ ఫీజు కూడా కడుతున్నాను. ఆ రెండు హోదాల్లోనూ ఒక ఘోరాన్ని పెద్దల దృష్టికి తేవడం నా విధి. మావాడు చదివే కాలేజీ వెనక, సైకిల్ స్టాండు పక్కనున్న రేకుల షెడ్డులో, రాత్రి తొమ్మిది దాటాక కొందరు కుర్రాళ్లు ఇంజినీరింగ్ నేర్చుకుంటున్నారు. ఏ సారూ చెప్పకుండా. గైడు కొనకుండా. ఒక్కోరోజు అన్నం కూడా తినకుండా.

మొదట్లోనే పసిగట్టలేకపోయాను. మావాడు ఫోన్ చేసి "నాన్నా, బాజా టీంలో చేరాను" అన్నాడు. ఎంత పొంగిపోయానో! 1919లోనే సంగీత కళాశాల పెట్టి, ఆదిభట్ల నారాయణదాసు గారిని తొలి ప్రిన్సిపాల్‌గా కూర్చోబెట్టిన విజయనగరం మాది. పోన్లే, సన్నాయి కాకపోతే డోలు అయినా నేర్చుకుంటాడు, పెళ్లిళ్ల సీజన్లో నాలుగు డబ్బులొస్తాయి అనుకున్నాను. తీరా చూస్తే ఇది అమెరికా బాజా. 1976లో సౌత్ కరోలినా యూనివర్సిటీలో మొదలైందట. విద్యార్థులే ఒంటి సీటు బండి ఒకటి గీసి, కోసి, అతికించి, రాళ్లలో బురదలో నాలుగు గంటలపాటు తోలాలి. ఆ జాడ్యం మన దేశానికీ అంటుకుంది. రాళ్లూ బురదా మన జిల్లాలో కరువైనట్టు, బండిని లారీకెక్కించి మధ్యప్రదేశ్‌లోని పీతంపూర్ దాకా తీసుకెళ్తారు.

చేర్చుకునే పద్ధతి వింటే మీకే తెలుస్తుంది. సీనియర్లు ఇంటర్వ్యూ పెట్టి "డిఫరెన్షియల్ అంటే ఏంటి?" అని అడిగారట. మావాడు "ఎం-టూలో మూడో యూనిట్, అన్నా" అన్నాడు. వాళ్లడిగింది చక్రాలకు బలం పంచే గేర్ల గురించి, వీడు చెప్పింది లెక్కల పేపరు గురించి. అదీ నిజమే, అందులో సప్లీ కూడా ఉంది. వెంటనే తీసేసుకున్నారు. మూడు నెలలు టీలు మోయించి, పైపు చివర్లు రుద్దించారు. ఒక గొట్టం ఇంకో గొట్టం మీద సందు లేకుండా కూర్చోవాలంటే దాని చివరను చేపనోరులా కోయాలి. ఆ ముక్క తెచ్చి నా చేతిలో పెట్టి, ఏదో ర్యాంకు కార్డు చూపించినట్టు "వేలు పెట్టి చూడు నాన్నా, ఎక్కడైనా తగులుతోందా?" అన్నాడు. తగల్లేదు. పదో తరగతిలో గ్రాఫ్ పేపరు మీద తిన్నగా గీత గీయలేని వెధవ.

ఆ గొట్టాలకూ శాస్త్రం ఉంది. డ్రైవరు చుట్టూ కట్టే పంజరానికి ఒక అంగుళం బయటి వ్యాసం, మూడు మిల్లీమీటర్ల మందం, ఉక్కులో కార్బన్ 0.18 శాతానికి తగ్గకూడదు. బండి పల్టీ కొట్టినా లోపలి మనిషికి ఏమీ కాకూడదని. ఇంజనుకు వచ్చేసరికి మాత్రం లోభం. అన్ని టీంలకూ ఒకటే ఇంజను, చాలా ఏళ్లపాటు పది హార్స్‌పవరే. గడ్డి కోసే మిషన్లకు ఇంజన్లు చేసే కంపెనీ సరుకు. మా పాత స్ప్లెండర్ కంటే ఇసుమంత ఎక్కువ. దాన్ని తెరిచి బలం పెంచకూడదట. మరి గెలవడమెలా అంటే బుర్ర వాడి బరువు తగ్గించుకోవాలట. పిల్లల మీద ఇంత ఒత్తిడి న్యాయమా?

సగం కట్టిన పంజరాన్ని ఓసారి వెల్డింగ్ కోసం మా వీధిలోకి తెచ్చారు. ఎదురింటి ముసలమ్మ గుమ్మంలోంచి చూసి, "ఏటి బావూ, కోళ్లగూడుకి చక్రాలెట్టినారు?" అంది. ఇప్పటిదాకా ఆ బండి గురించి నేను విన్న నిజాయితీ గల అభిప్రాయం అదొక్కటే.

డబ్బుల కోసం గంటస్తంభం దగ్గర బంగారం కొట్టుకూ వెళ్లారు. బండి మీద మీ పేరు రాస్తామన్నారు. "బండి ఈ బజార్లో తిరుగుతుందా?" అన్నాడు షావుకారు. తిరగదు. "మరి పీతంపూర్ వాళ్లు నా కొట్టుకొచ్చి గాజులు కొంటారా?" మేనేజ్‌మెంట్ కోర్సులో ఏడాదికి చెప్పేది ఆయన రెండు ప్రశ్నల్లో చెప్పి, ఐదు వందలిచ్చి పంపాడు. ఇదే బండిని ఏడాదికి నాలుగు వేలు తయారుచేస్తే ఎలా లాభసాటో పోటీలో జడ్జీలకు నమ్మబలకాలట. ప్రతి బోల్టుకూ లెక్క రాయాలి. కొత్తిమీర కట్ట ఎంతో తెలియని మావాడికి ఎం8 బోల్టు ఏ కొట్టులో రూపాయి తక్కువో తెలుసు.

పోటీ నియమాలు కూడా కుటుంబాల్లో చిచ్చుపెట్టేవే. బెల్టులన్నీ విప్పుకుని డ్రైవరు ఐదు సెకన్లలో బయటపడాలి. పరీక్షరోజు దుప్పట్లోంచి బయటపడటానికి నలభై నిమిషాలు పట్టే మనిషి, ఈ ఐదు సెకన్ల కోసం స్టాప్‌వాచ్ పెట్టుకుని ప్రాక్టీసు చేశాడు. బ్రేకు తొక్కితే నాలుగు చక్రాలూ ఒక్కసారే బిగుసుకోవాలి. దీనికి లీక్ టెస్టులు, బ్రేక్ ఆయిలూ దేనికి? ఒంటికి తాళ్లు కట్టుకుని కార్లను కదలకుండా ఆపిన కోడి రామమూర్తి నాయుడు గారు పుట్టిన సీమ ఇది. ఆ మాటంటే "ఆయన బరువు రూల్‌బుక్‌లో సరిపోదు నాన్నా" అన్నాడు.

దసరా తర్వాత మంగళవారం పైడితల్లమ్మ జాతరలో సిరిమాను చూడ్డానికి అందరం వెళ్లాం. అంత పొడవు చింతమాను, పైకి లేచిన కొసన పూజారి, జనం అరటిపళ్లు విసురుతూ దండాలు పెడుతున్నారు. మా ఆవిడ కళ్లలో నీళ్లు. పక్కనే వీడు మెడ వంచి మాను మొదలు వైపు చూస్తూ, "అమ్మా, బలమంతా అక్కడ పడుతుంది. కాంటిలివర్, ఒక్క కొసనే పట్టున్న దూలం" అన్నాడు. వాళ్లమ్మ నెత్తిన ఒకటిచ్చింది. వీడు దండం పెట్టి, మళ్లీ అటే చూశాడు.

పీతంపూర్‌లో మన బండి నలభై నిమిషాలు పరిగెత్తి, ముందు చక్రాన్ని మలుపు తిప్పే కడ్డీ, స్టీరింగ్ టై రాడ్, విరిగి ఆగింది. ఏడుస్తాడేమోనని స్టేషనుకు వెళ్లాను. విరిగిన ముక్కను తువ్వాల్లో చుట్టుకుని దిగాడు. ఎక్కడ పగిలింది, ఎందుకు పగిలింది, మలుపులో లోపలి చక్రం బయటి చక్రం కంటే ఎక్కువ ఎందుకు తిరగాలి, వీళ్లు లెక్కలో ఎక్కడ బోల్తా పడ్డారు, ఇంటికొచ్చేదాకా ఆటోలో చెబుతూనే ఉన్నాడు. ఆటోవాడు గేటు ముందు ఇంజనాపి మరీ విన్నాడు. తర్వాత సెమిస్టర్‌లో అదే ప్రశ్న వచ్చింది. వీడు జరిగిందంతా రాశాడు. నాలుగు మార్కులొచ్చాయి. గైడులో బొమ్మ వేసినవాళ్లకు పన్నెండు. వ్యవస్థ ఇంకా అప్రమత్తంగానే ఉందని అప్పుడు నాకు ధైర్యం కలిగింది. అటెండెన్స్ తగ్గినందుకు కండొనేషన్ ఫీజు కూడా వేశారు, సంతోషంగా కట్టాను.

ఈ షెడ్డు మూయించాలని మహజరు రాస్తున్నాను. రుజువుల కోసం మొన్న ఆదివారం రాత్రి స్వయంగా వెళ్లాను. తిట్టడానికి నోరు తెరిచేలోపే ముఖానికి డాలు కట్టుకున్న ఒక ఆడపిల్ల, "అంకుల్, ఈ కొస కాస్త గట్టిగా పట్టుకోండి. ఇటు చూడకండి" అంది. పట్టుకున్నాను. అతుకు ఎలా పడుతోందోనని చూశాను కూడా. అందుకే మహజరు సగంలో ఆగింది. రెండు రోజులుగా కళ్లలో ఇసుక పోసినట్టుంది, బంగాళాదుంప చక్రాలు పెట్టుకుని పడుకున్నాను. మంట తగ్గితే మిగతాది పూర్తిచేస్తాను. గురువారం లోపల తగ్గాలి మరి, ఆ రోజు వెనక యాక్సిల్ బిగిస్తారట.